చంద్రుణ్ణి తలకిందులు చేసిన మనిషి

లోకంలో గోడలకు వేలాడే బొమ్మల్లో ఎన్ని తలకిందులుగా ఉన్నాయో ఎవరూ లెక్క తీసినట్టు లేదు. తీస్తే చాలామంది పరువు గోడ దిగుతుంది. మనిషి బొమ్మతో పేచీ లేదు, తల ఎటుందో తెలుస్తుంది. పడవ బొమ్మ అయితే తెరచాప చెబుతుంది. కానీ మేఘాలను పటం కట్టించుకునేవాళ్ళుంటారు, ఇసుకను కట్టించుకునేవాళ్ళుంటారు, నీళ్ళలో పడిన చెట్టు నీడను కట్టించుకుని అదే చెట్టనుకునేవాళ్ళుంటారు. ఇక కొత్తరకం చిత్రకారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. కాన్వాసు మీద నాలుగు మరకలు వేసి, సంతకం వెనకవైపు పెట్టి, పేరు ‘అశాంతి’ అని చెప్పి పోతారు. ఆ అశాంతికి పై ఏదో, కింద ఏదో తేల్చాల్సిన బాధ్యత పటం కట్టేవాడి నెత్తిన పడుతుంది.

ఈ కథలో పటం కట్టేవాణ్ణి అందరూ ఫ్రేములాయన అంటారు. మనవాళ్ళు తరాల కిందట ఓడెక్కి వెళ్ళి స్థిరపడిన ఒక దేశంలో, చెప్పుల షాపుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న గది ఆయన దుకాణం. లోపలికి ఇద్దరు వస్తే మూడో మనిషి వీధిలోనే నిలబడి మాట్లాడాలి. గోడ నిండా రకరకాల ఫ్రేము బద్దల నమూనా మూలలు, నేల నిండా రంపపు పొట్టు, గాలి నిండా జిగురు వాసన. ఆయన గాజు కోస్తుంటే వచ్చే చప్పుడుకి పక్క మందుల షాపాయన పళ్ళు జివ్వుమంటాయి. ఆ షాపాయన పంటి నొప్పి మాత్రలు బాగా అమ్ముడుపోవడానికి కారణం అదేనని వీధిలో ఒక మాట ఉంది.

బద్దలు కోసి, మూలలు కలిపి, గాజు తుడిచి, బొమ్మ అమర్చి, వెనక అట్ట పెట్టి, చుట్టూ సన్నమేకులు కొట్టి, కొక్కెం బిగించాక ఫ్రేములాయన ఇంకో పని చేస్తాడు. ఏ ఊళ్ళోనూ ఏ పటాలవాడూ చేయని పని. వెనక అట్ట మీద నల్ల పెన్సిల్‌తో పైకి చూసే బాణం గుర్తు వేస్తాడు. తాతగారి ఫొటో అయినా సరే, డిగ్రీ పట్టా అయినా సరే, బాణం పడాల్సిందే.

“అక్షరాలున్నాయి కదండీ, తలకిందులుగా ఎలా తగిలిస్తాం?” అని ఒక లెక్చరర్ నవ్వాడు.

“తగిలించరనుకోండి. కానీ రేపెవరైనా నన్నడిగితే నా దగ్గర సాక్ష్యం ఉండాలి కదా” అన్నాడు ఫ్రేములాయన.

ఒకసారి ఒకావిడ కడుపులో బిడ్డ స్కానింగ్ బొమ్మ తెచ్చింది, పటం కట్టమని.

“ఇందులో పై ఎటమ్మా?”

“బిడ్డ తల కిందికి తిరిగిందండీ. డాక్టరుగారు చాలా మంచిదన్నారు.”

“తలకిందులుగా ఉంటే మంచిదా?”

“మరి? లేకపోతే ఆపరేషనేనట!”

ఆ మధ్యాహ్నమంతా ఫ్రేములాయన ఆ బొమ్మను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తల పైకి పెడితే బిడ్డకు మంచిది కాదు, కిందికి పెడితే తన చేతులకు మనసొప్పదు. చివరికి ఉన్నదున్నట్టే కట్టి, వెనక బాణం వేసి, దాని పక్కన ‘సరిగ్గానే ఉంది, తిప్పవద్దు’ అని రాశాడు. ఆ బిడ్డకు ఇప్పుడు మీసాలొచ్చాయి. పటం అలాగే ఉంది.

మనిషికి ఇంత చాదస్తం ఊరికే రాదు. దీని వెనక చంద్రుడున్నాడు.

యాభై ఏళ్ళ పైచిలుకు కిందటి మాట. ఫ్రేములాయనకు కొత్తగా పెళ్ళయింది. ఒక ముసలి మేస్త్రీ దగ్గర పటాలు కట్టడం నేర్చుకుంటున్నాడు. ఆయన భార్యకు ఒక అక్క ఉంది. ఫ్రేములాయనకు వదిన. ఆ వదిన భర్త, అంటే మన తోడల్లుడుగారు, నీటి సరఫరా ఆఫీసులో సూపర్‌వైజరు. ఆ వీధిలో మొట్టమొదట టీవీ కొన్న ఘనత ఆయనది. ఆయన దర్జా ఎంతటిదంటే, టీవీలో వార్తలు చదివేవాడు తమ ఇంటికి ఉద్యోగానికి వస్తున్నట్టు మాట్లాడేవాడు. “మావాడు నిన్న కాస్త జలుబుగా ఉన్నాడు” అనేవాడు.

మనుషులు చంద్రుడి మీద దిగుతున్నారు, అది టీవీలో చూపిస్తారు అని తెలిసిన రోజు ఆ ఇంటి హాలు పెళ్ళిపందిరి అయిపోయింది. వీధి వీధంతా కుర్చీలు మోసుకుని వచ్చింది. మామగారు, అంటే ఆ అక్కాచెల్లెళ్ళ తండ్రి, రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. దిగేవాళ్ళు అటునుంచి తనను కూడా చూస్తారేమో అన్నట్టు ఇస్త్రీ కోటు తొడుక్కుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. టీవీ అంటే ఇప్పటిలా రేకు కాదు. నాలుగు కాళ్ళ చెక్కపెట్టె, చిన్నసైజు బీరువా. దాని మీద వదిన స్వయంగా అల్లిన గుడ్డ. గుడ్డ మీద గాజు పూలకూజా. కూజా లేకపోతే టీవీకి అందం రాదని వదిన నమ్మకం.

ఎంతసేపూ స్టూడియోలో టై కట్టుకున్నవాళ్ళు మాట్లాడుతున్నారు. అట్టతో చేసిన నౌక బొమ్మను చూపిస్తున్నారు. వీధివాళ్ళు దిగింది అదేననుకుని ఒకసారి చప్పట్లు కొట్టి, కాదని తెలిసి సిగ్గుపడ్డారు. పక్కింటావిడ వదిన దిండు మీద కాళ్ళు పెట్టింది. దాని గురించి వదిన మొదలుపెట్టింది. పక్కింటావిడ అందుకుంది. సరిగ్గా అప్పుడు తెర మీద ఒక బొమ్మ వచ్చింది.

పైన తెల్లగా, కింద నల్లగా ఉంది. మధ్యలో ఏవో కర్రల్లాంటివి.

“అదిగో ఆకాశం, ఎంత తెల్లగా ఉందో!” అన్నారు వెనకాల ఎవరో.

ఫ్రేములాయన తెరకు దగ్గరగా నేల మీద కూర్చుని ఉన్నాడు. బొమ్మ అర్థం కాకపోతే బరువు ఎటుందో చూడమని మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు. బరువు కిందికి ఉండాలి. ఇక్కడ బరువంతా పైనుంచి వేలాడుతోంది. ఆ తెల్లది ఆకాశం కాదు, నేల.

“తలకిందులుగా ఉంది!” అన్నాడు.

దిండు గొడవలో ఎవరూ వినలేదు. ఆయన చేతులు మాత్రం విన్నాయి. వంకరగా ఉన్న పటం కనబడితే ఎవరింట్లోనైనా సరే లేచి సరిచేసే చేతులవి. లేచాడు, పెట్టెను కావలించుకున్నాడు, షాపు నుంచి ఇద్దరు మోసుకొచ్చిన ఆ పెట్టెను ఒక్కడే ఎత్తి, తిరగేసి, నాలుగు కాళ్ళూ గాల్లో ఉండేలా నేల మీద పెట్టేశాడు. కూజా ఎగిరింది. ఆయన భార్య చంటిబిడ్డను పట్టుకున్నట్టు దాన్ని గాల్లోనే పట్టుకుంది.

అదే క్షణంలో, ఎక్కడో భూమికి అవతలి వైపు, ఎవరో ఒక మీట నొక్కారు. బొమ్మ దానంతటదే సర్దుకుంది. అంటే, సరైన బొమ్మ వచ్చి తలకిందులైన పెట్టెలో పడింది.

లోపల ఏదో టప్‌మంది. కాలిన వాసన వచ్చింది. తోడల్లుడు చేతులు చాచి అందరికీ అడ్డం నిలబడ్డాడు.

“ఎవరూ ముట్టుకోకండి! పేలుతుంది!”

బొమ్మ మాత్రం పోలేదు. పోయినా బాగుండేది. ముట్టుకోవడానికి లేదు, చూడకుండా ఉండడానికీ లేదు. అలా ఆ వీధివాళ్ళంతా మెడలు వంచుకుని, నడుములు వంచుకుని, సిగ్గులేనివాళ్ళు నేల మీద పడుకుని చంద్రుణ్ణి చూశారు. మామగారు కోటు గుండీలు విప్పి, భోజనాల బల్ల మీద వెల్లకిలా పడుకుని, తల అంచు నుంచి వేలాడేశాడు. చరిత్రలో మొదటిసారి చంద్రుడి మీద కాలు పెట్టిన మనిషి ఆ ఇంట్లో మాత్రం నిచ్చెన మీదుగా పైకి వెళ్ళి, ఇంటికప్పుకు గబ్బిలంలా అతుక్కున్నాడు.

“కాసేపు ఆగలేవా మరిదీ? చేతులు ఊరుకోవా నీకు?” అంది వదిన.

“తలకిందులుగా వచ్చింది వదినా! నేను తిప్పాకే...”

“నువ్వు తిప్పాకే తలకిందులైంది. నేను అంటున్నదీ అదే.”

అంతే. తీర్పు అయిపోయింది. ఆ మొదటి బొమ్మను చూసి అర్థం చేసుకున్నవాడు ఆ గదిలో ఫ్రేములాయన ఒక్కడే. తిరగేసిన టీవీని చూసినవాళ్ళు మాత్రం వీధి మొత్తం.

మనిషి మీద ఒక ముద్ర పడిందంటే అది చెరగదు సరికదా, ఏడాదికేడాది నిగనిగలాడుతుంది. పిల్లలు పుట్టి ఆయన్ను ‘తలకిందుల బాబాయి’ అన్నారు. వాళ్ళ పిల్లలు పుట్టి ‘తలకిందుల తాతయ్య’ అన్నారు. అది సరదాకే. సరదా కానిది ఇంకొకటుంది. ఆ ఇంట్లో ఆయన మాటకు విలువ పోయింది. తోడల్లుడు కొత్త ఇల్లు కట్టించేటప్పుడు వంటింటి నేల వాలు తూము వైపు కాకుండా గుమ్మం వైపు ఉందని ఫ్రేములాయన కంటితోనే కనిపెట్టి చెప్పాడు. “టీవీ విషయంలోనూ ఇలాగే అన్నావు” అంది వదిన. ఈ రోజుకీ ఆ వంటింట్లో బిందె ఒలికితే హాల్లో చెప్పులు తడుస్తాయి. జీవితమంతా నీళ్ళను సరైన దారిన పంపించే ఉద్యోగం చేసిన తోడల్లుడు ఆ చెప్పులను రోజూ ఎండలో పెట్టుకుంటాడు కానీ, ఆ మాట ఎత్తడు.

మధ్యలో ఒకసారి ఫ్రేములాయన తన నిజాయితీ నిరూపించుకుందామని చంద్రయాత్ర వీడియో క్యాసెట్ సంపాదించి, అందరినీ పిలిచి వేశాడు. ఆ క్యాసెట్ తయారుచేసిన పుణ్యాత్ముడు అనవసరమైనవన్నీ కత్తిరించి నీటుగా పెట్టాడు. వేయగానే మనిషి నిచ్చెన మీద ఉన్నాడు, తల పైకి, కాళ్ళు కిందికి, ఏ లోపం లేకుండా.

“బాగుంది కదా బొమ్మ. దీన్ని కూడా తిప్పుతావా?” అన్నాడు తోడల్లుడు.

అందరూ నవ్వారు. ఫ్రేములాయన కూడా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయనకు ఒక పురుగు పట్టుకుంది. ఇంతమంది ఒక మాట అంటున్నారు, తానొక్కడే ఇంకో మాట అంటున్నాడు. ఒకవేళ వాళ్ళే నిజమా? పైన తెల్లదనం, వేలాడే బరువు, అవన్నీ తప్పు చేశాక తనను తాను కాపాడుకోవడానికి తన బుర్ర అల్లిన కథేమో! కళ్ళను నమ్ముకుని బతికే పని ఆయనది. ఆ కళ్ళ మీదే అనుమానం వచ్చాక వేసే బాణాలు ఇంకాస్త పెద్దవయ్యాయి. అంతకుముందు వేలెడంత ఉండేవి, తర్వాత జానెడయ్యాయి.

ఇంతలో ఆయన మనవరాలు, కూతురి కూతురు, చదువైపోయి ఒక టీవీ సంస్థలో చేరింది. పాత టేపులను శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించే పని. ఒకరోజు సాయంత్రం ఆ పిల్ల పలక లాంటి టాబ్ చంకలో పెట్టుకుని దుకాణంలోకి వచ్చి, పొట్టు దులిపి స్టూలు మీద కూర్చుంది.

“తాతయ్యా, దొరికింది.”

“ఏంటే?”

“చంద్రుడు. కత్తిరించనిది. ఆ రోజు మా సంస్థలో వచ్చింది వచ్చినట్టు, గంటలకు గంటలు. మధ్యలో సబ్బు ప్రకటనలతో సహా.”

ఫ్రేములాయన చేతిలోని సుత్తి అలాగే ఆగిపోయింది.

“నువ్వు చూశావా?”

“లేదు. నువ్వే ముందు చూడాలని తెచ్చాను.”

ఆయన తలుపు సగం మూశాడు. చేతులు కడుక్కున్నాడు. కళ్ళజోడు తుడిచాడు. మనవరాలు స్టూడియో మాటలన్నీ ముందుకు జరిపి, అసలు చోటికి తెచ్చి టాబ్ ఆయన చేతికిచ్చింది. తెర మినుకుమంది. ఏదో బొమ్మ వచ్చింది. రాగానే ఆయన చేతులు, ఎవరినీ అడగకుండా, దాన్ని గిర్రున తిప్పాయి. తిప్పగానే టాబ్ కూడా తన తెలివి చూపించి బొమ్మను గిర్రున తిప్పింది. ఆయన మళ్ళీ తిప్పాడు. అది మళ్ళీ తిప్పింది. ఇద్దరూ పంతానికి పడ్డారు. చివరికి చూసేసరికి మనిషి నిచ్చెన దిగుతున్నాడు, తల పైకే ఉంది, టాబ్ ఎటుందో, తానెటున్నాడో ఆయనకే తెలియలేదు.

“ముందు ఎలా వచ్చింది? నువ్వు చూశావా?”

“ఎక్కడ చూడనిచ్చావు తాతయ్యా? గోళీసోడా కలిపినట్టు ఊపేశావు. ఇటివ్వు, మళ్ళీ వేస్తాను.”

“వద్దు” అన్నాడాయన. “దీన్ని నమ్మడానికి లేదు. ఇది నాకన్నా తలకిందుల మనిషి.” టాబ్ ఆ పిల్ల చేతికిచ్చేసి, “తిప్పడానికి వీల్లేని టీవీ మీద చూడాలి. అందరి ముందూ చూడాలి. నాదే తప్పయితే ఆ మాట కూడా అందరి ముందే తేలిపోనీ” అన్నాడు.

తిప్పడానికి వీల్లేని టీవీ ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. తోడల్లుడు కొత్తగా కొన్న పెద్ద టీవీని గోడకు బోల్టులు వేయించి బిగించాడు. బిగించే మనిషి రెండు బోల్టులు చాలన్నా వినకుండా చుట్టూ వేయించాడు. “మా తమ్ముడొకడున్నాడు” అని కారణం కూడా చెప్పాడట.

ఆదివారం సాయంత్రం అందరూ వదిన ఇంటి హాల్లో చేరారు. ఇప్పుడు ఆ వీధివాళ్ళెవరూ లేరు. మామగారు కూడా లేరు. ఇస్త్రీ కోటుతో, ఫ్రేములాయన కట్టిన పటంలో, సోఫా వెనక గోడ మీద ఉన్నారు. సోఫాలో తోడల్లుడు, పక్కన ఫ్రేములాయన భార్య. వదిన కోసం ఒక కుర్చీ. ఫ్రేములాయనను టీవీకి అందనంత దూరంలో, భార్యకు అవతల, గుమ్మం పక్కన కూర్చోబెట్టారు.

“ఈసారి నీ పప్పులుడకవు తమ్ముడూ” అన్నాడు తోడల్లుడు. ఎనభై దాటినా గొంతు ఇంకా నీళ్ళ ట్యాంకు మీద నిలబడి మాట్లాడినట్టే ఉంటుంది. “అది గోడతో సహా రావాలి.”

“నేను కదలను అన్నయ్యా. చేతులు కట్టుకుని కూర్చుంటాను.”

“కట్టుకోవడం కాదు, వాటి మీద కూర్చో” అంది వదిన.

ఆయన నిజంగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

మనవరాలు టాబ్‌ను టీవీకి కలిపి, అసలు బొమ్మకు చాలా ముందు నుంచే వేసింది. మళ్ళీ కత్తిరించిన క్యాసెట్ తెచ్చారన్న మాట పడకూడదని ఫ్రేములాయనే అలా వేయమన్నాడు. స్టూడియోలో టైలు కట్టుకున్నవాళ్ళు మాట్లాడుతున్నారు. అట్ట నౌక బొమ్మ వచ్చింది. ఒకావిడ సబ్బుతో మొహం కడుక్కుంది. మళ్ళీ టైలు.

“అప్పుడు ఇంత విసుగనిపించలేదు” అన్నాడు తోడల్లుడు.

“అప్పుడు మీరు వినలేదు బావగారూ. వచ్చినవాళ్ళకు టీవీ ఎలా కొన్నారో చెబుతున్నారు” అంది ఫ్రేములాయన భార్య.

“అంత పెద్ద పని పెట్టుకుని ఆ నౌకకు పెట్టిన నిచ్చెన చూడు, మన అటక నిచ్చెన నయం” అంది వదిన. ఇంకాసేపు చూసి లేచింది. “నేను కాఫీ పెడతాను.”

“వదినా, కూర్చోండి. వచ్చేస్తుంది” అన్నాడు ఫ్రేములాయన.

“యాభై ఏళ్ళ నుంచి వస్తోందిగా. నేనొచ్చేదాకా ఉంటుందిలే.”

ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఫ్రేములాయనకు ప్రాణం పోయినట్టయింది. చూడాల్సింది ఆవిడే. తక్కినవాళ్ళందరూ ఒప్పుకుని ఆవిడ ఒప్పుకోకపోతే ఎవరూ ఒప్పుకోనట్టే. ఆపమని మనవరాలికి సైగ చేద్దామంటే చేతులు తొడల కింద ఉన్నాయి. తీస్తే తోడల్లుడు అరుస్తాడు. కనుబొమలతో సైగ చేశాడు. తాతయ్యకు కంట్లో నలుసు పడిందనుకుంది మనవరాలు.

వదిన కాఫీ పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది. అదే క్షణంలో తెర మినుకుమంది. బొమ్మ వచ్చింది.

పైన తెల్లగా. కింద నల్లగా. మధ్యలో, పైనుంచి వేలాడుతున్న బరువు.

ఫ్రేములాయన చేతులు తొడల కింద చేపపిల్లల్లా కొట్టుకున్నాయి.

“అరెరే! టీవీ పాడైంది!” అంటూ తోడల్లుడు లేచాడు. మోకాళ్ళ నొప్పులతో పొద్దున్నే పేపరు తీసుకోవడానికి కూడా ఇంకొకరిని పిలిచే మనిషి, మూడు అంగల్లో హాలు దాటి, టీవీని రెండు చేతులతో రెండు వైపులా పట్టుకుని, శక్తికొద్దీ తిప్పబోయాడు. బోల్టులు కిర్రుమన్నాయి. గోడ సున్నం కాస్త రాలి ఆయన నెత్తి మీద పడింది.

టీవీలో, గరగరమనే శబ్దాల మధ్య, కింద భూమి మీది కంట్రోల్ రూం నుంచి ఒక గొంతు ప్రశాంతంగా ఏదో అంది. మనవరాలు గట్టిగా చెప్పింది:

“విన్నారా? ‘బొమ్మ ప్రస్తుతానికి మా తెర మీద తలకిందులుగా ఉంది’ అంటున్నాడు!”

అనేలోపే బొమ్మ దానంతటదే సర్దుకుంది. నలుపు పైకి, తెలుపు కిందికి. తోడల్లుడు మాత్రం సర్దుకోలేదు. టీవీని కావలించుకుని, చెంప తెరకు ఆనించి, అలాగే ఉండిపోయాడు. ఆయన చెవి పక్కనుంచి ఒక మనిషి కాలు నిచ్చెన దిగుతోంది.

వదిన పళ్ళెం పట్టుకుని చూస్తోంది. ముందు టీవీని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. చివరికి తలుపు పక్కన చేతుల మీద కూర్చున్న మరిదిని చూసింది. యాభై ఏళ్ళ పైచిలుకు నుంచి ఆవిడ నోట నలిగిన మాట దానంతటదే వచ్చేసింది. కాకపోతే ఈసారి వేరే మనిషికి తగిలింది.

“కాసేపు ఆగలేరా మీరు? చేతులు ఊరుకోవా మీకు?”

ఫ్రేములాయన భార్య పైటచెంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలు కుక్కుకోవడానికి ఏమీ లేక పకపకా నవ్వేసింది. తోడల్లుడు నెమ్మదిగా టీవీని వదిలి, నెత్తి మీద సున్నం దులుపుకున్నాడు.

“అంటే... బొమ్మ తలకిందులుగా వస్తే ఎవరైనా ఏం చేస్తారు?” అన్నాడు నసుగుతూ.

“ఏమో అన్నయ్యా, నాకేం తెలుసు? నేను చేతుల మీద కూర్చున్నాను” అన్నాడు ఫ్రేములాయన.

ఆయన మొహం చూసి తీరాలి. కానీ అందరూ టీవీ వైపు చూస్తున్నారు కనుక ఆయన భార్య ఒక్కతే చూసింది. ఆయన ఆవిడ వైపు వంగి గొణిగాడు.

“ఆ రోజు నువ్వయినా చూశావా, ముందు ఎలా వచ్చిందో?”

“నేనెక్కడ చూశానండీ? కూజా మీదే ఉంది నా చూపంతా. మీరు లేస్తున్నారంటే ఏదో ఒకటి ఎగురుతుందని అప్పటికే తెలుసు నాకు.”

“మరి ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా నన్నేమీ అనలేదే?”

“అనేవాళ్ళు తక్కువయ్యారా?”

వదిన కాఫీలు పంచింది. అందరికన్నా ముందు ఫ్రేములాయనకు ఇచ్చింది. ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు, ఆయనకు ఎప్పుడూ చివరి కప్పే, అడుగున పొడితో సహా. ఆయన తీసుకున్నాడు. ఆవిడ కదల్లేదు.

“తలకిందులుగానే వచ్చింది. సరే” అంది.

“అంతే కదా వదినా నేను చెప్పింది!”

“అయితే మాత్రం? వాళ్ళే సరిచేసుకున్నారుగా. నువ్వు కాఫీ ఊదుకునేంతసేపు ఆగి ఉంటే అందరం హాయిగా చూసేవాళ్ళం. చూశావుగా, ఎంతసేపుందో!”

ఇన్నేళ్ళు కేసు నడిపి గెలిచినవాడికి జడ్జీ ఇంకో కేసు పెట్టినట్టయింది. కానీ ఈ కొత్త కేసులో నేరం తొందరపాటు. కళ్ళు కాదు. కళ్ళకు పడ్డ మచ్చ పోయింది. ఆ లెక్కన ఈ నేరం ఆయనకు తీపిగానే అనిపించింది. కాఫీలో పంచదార లేదని కూడా తెలియకుండా తాగేసి, చేతులు మళ్ళీ తొడల కింద పెట్టుకున్నాడు.

తెర మీద మనిషి నిచ్చెన చివరి మెట్టు మీద ఆగాడు. ఎటూ తిరగకుండా, మెడలు వంచకుండా, ఆ కుటుంబం మొదటిసారిగా చంద్రుణ్ణి ఆ రోజు వచ్చింది వచ్చినట్టు చూస్తోంది. అంతలో వదిన చటుక్కున వెనక్కి తిరిగింది.

“అయ్యో, నాన్న! పాపం బల్ల మీద తల వేలాడేసుకుని చూశాడు. సరిగ్గా చూడనే లేదు. ఆపవే అమ్మాయ్, ఒక్క నిమిషం ఆపు.”

మనవరాలు ఆపింది. మనిషి కాలు గాల్లో ఆగింది. వదిన సోఫా వెనక గోడ మీది పటం తీసి, కళ్ళజోడు నెత్తి మీద ఉండగానే చీరకొంగుతో గాజు తుడిచి, ఇటు తిప్పి అటు తిప్పి, తీసుకెళ్ళి టీవీకి ఎదురుగా తన కుర్చీలో నిలబెట్టింది. మామగారి మొహం టీవీ వైపు, పటం వీపు అందరి వైపు.

వీపు మీద, అట్ట నిండా, జానెడు పొడవున ఫ్రేములాయన వేసిన బాణం ఉంది. అది నేలను చూస్తోంది.

అందరూ చూశారు. ఫ్రేములాయన చేతులు తొడల కిందనుంచి వాటంతటవే బయటికి వచ్చాయి. వాటిని మళ్ళీ లోపలికి తోశాడు. తోడల్లుడు దగ్గాడు. వదిన కళ్ళజోడు కిందికి దించుకుని, అందరూ ఎటు చూస్తున్నారో చూసి, బాణాన్ని చూసి, మరిదిని చూసింది.

“ఏంటలా చూస్తావు? తిప్పు.”

“నేనా?”

“మరెవరు? ఆ పనికి ఈ ఇంట్లో ఇంకెవరున్నారు?”

“తర్వాత నన్నేమీ అనకూడదు వదినా.”

“ముందు తిప్పవయ్యా బాబూ, నాన్నకు రక్తం తలకెక్కుతుంది.”

ఫ్రేములాయన లేచాడు. పటాన్ని రెండు చేతులతో పట్టుకుని, గాజు మీద వేలిముద్ర పడకుండా, తొందర లేకుండా, చాలా నెమ్మదిగా తిప్పాడు. బాణం ఇంటికప్పును చూసింది. కుర్చీ వీపుకు ఆనించి, వంకర లేకుండా సర్ది, వెనక్కి రెండడుగులు వేసి, ఒక కన్ను మూసి చూసుకున్నాడు.

“ఇప్పుడు వెయ్యవే” అన్నాడు మనవరాలితో.